వార్డెన్ పనికి కూడా మాస్టర్సా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిది దాదాపు ఒకటే సంగతి. కాలేజీలో పాఠం చెప్పడం కాకుండా, కాలేజీ పిల్లల బాగోగులు చూసే పనినే వృత్తిగా పెట్టుకోవచ్చా, దానికి ఏం చదవాలి అని. అందుకే ఐదూ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: నమస్తే మేడం. బీటెక్ ఈసీఈ అయ్యాక మూడేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో స్టూడెంట్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. ఫెస్ట్‌లు, క్లబ్బులు, హాస్టల్లో అమ్మాయిల గొడవలు, ఫస్టియర్ వాళ్ల ఓరియంటేషన్, అటెండెన్స్ తగ్గితే ఇళ్లకు ఫోన్లు, అన్నీ నా నెత్తినే. ఈ పనికి అమెరికాలో ప్రత్యేకంగా మాస్టర్స్ ఉందని విన్నాను. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. "వార్డెన్ పనికి కూడా అమెరికాలో చదవాలా, ఎలాగూ అప్పు చేస్తే సీఎస్‌కే చెయ్యి" అంటున్నారు. ఈ చదువుకి నిజంగా విలువుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు మీ నాన్నగారి మాట సంగతి చూద్దాం అమ్మా, అందులో సగం నిజం ఉంది. మన దగ్గర ఈ పని ఉంది గానీ ఈ పనికంటూ ఒక డిగ్రీ లేదు. పెద్ద సంస్థల్లో 'డీన్, స్టూడెంట్ అఫైర్స్' అని బోర్డు ఉంటుంది, ఆ కుర్చీలో మామూలుగా ఒక ప్రొఫెసర్ ఉంటారు, కొన్నేళ్లు అదనపు బాధ్యతగా చూసి మళ్లీ తన డిపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోతారు. కింద పరుగెత్తే మీలాంటివాళ్ల పోస్టు పేరు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, జీతం స్కేలు అనేది చాలాచోట్ల ఉండనే ఉండదు.

అమెరికాలో ఇది 'స్టూడెంట్ అఫైర్స్' పేరుతో వందేళ్ల నాటి వృత్తి. 1924లో మొదలైన ఆక్పా, దానికి కాస్త ముందే మొదలైన నాస్పా అని రెండు పెద్ద సంఘాలున్నాయి. ఈ పని చేసేవాళ్లకి ఏమేం తెలిసి ఉండాలో ఆ రెండూ కలిసి 2015లో సవరించిన జాబితాలో పది అంశాలున్నాయి, సలహా ఇవ్వడం, చట్టం, బడ్జెట్, సామాజిక న్యాయం, చేసిన పని ఫలించిందో లేదో కొలవడం, ఇలా. హాస్టళ్లు, ఓరియంటేషన్, అకడమిక్ అడ్వైజింగ్, కెరీర్ సర్వీసులు, క్రమశిక్షణ, వైకల్యం ఉన్న విద్యార్థులకు సదుపాయాలు, విదేశీ విద్యార్థుల ఆఫీసు, ప్రతిదానికీ వేరే సిబ్బంది, పైన వైస్ ప్రెసిడెంట్ స్థాయి దాకా మెట్లు. ఆ మెట్లలో మొదటిదానికే చాలా ఉద్యోగ ప్రకటనలు మాస్టర్స్ అడుగుతాయి. కాబట్టి అక్కడ ఉండి ఆ పనే చేయాలనుకుంటే ఈ చదువు విలువైనదే. ఇది చదివి ఇక్కడికొచ్చి ఇంక్రిమెంట్ అడగాలనుకుంటే మాత్రం మీ మేనేజ్‌మెంట్‌కి ఆ డిగ్రీ ఏంటో మీరే వివరించాల్సి వస్తుంది.

రెండేళ్ల కోర్సు. ఏ డిగ్రీ చేసినవాళ్లనైనా చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి, ఈసీఈ అడ్డు కాదు. జీఆర్‌ఈ చాలాచోట్ల తీసేశారు. ఈ రంగంలో బాగా పాతుకుపోయిన పేర్లు కావాలంటే బౌలింగ్ గ్రీన్, జార్జియా, ఫ్లోరిడా స్టేట్, మిషిగన్ స్టేట్ చూడండి. క్లాసులో చెప్పేది ముఖ్యంగా పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య మనిషి ఎలా మారతాడన్నది. విద్యార్థి ఎదిగే తీరు మీద 1969లో చికరింగ్ చెప్పిన ఏడు దిశలు, చదువు బయట క్యాంపస్ పనుల్లో ఎంత మునిగితే అంత నేర్చుకుంటారని 1984లో ఆస్టిన్ చెప్పినది, 'నేను ఇక్కడ ఎవరికైనా లెక్కలో ఉన్నానా' అనే భావన మీద ష్లాస్‌బర్గ్ చెప్పినది, ఇవి ప్రతి సిలబస్‌లోనూ కనిపిస్తాయి. వాటిని చదవండి గానీ నెత్తిన పెట్టుకోకండి. అవి అమెరికన్ క్యాంపస్ పిల్లల్ని చూసి అల్లినవి. అరకు నుంచి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి మీ హాస్టల్లో అడుగుపెట్టి, రూమ్మేట్ ఇంగ్లిష్ విని మూడు నెలలు నోరు విప్పకపోతే, ఆ అమ్మాయి భయంలో కులం ఎంత, భాష ఎంత, ఇంటికి పంపాల్సిన డబ్బు ఎంత అన్నది ఆ సిద్ధాంతాల్లో దొరకదు. అది మీకు ఇప్పటికే తెలుసు, మూడేళ్లు చూశారు కాబట్టి. క్లాసులో మీ బలం అదే అవుతుంది, సిగ్గుపడకుండా చెప్పండి.

మీరు రాసిన పనుల్లో ఒకటి మాత్రం అక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. అటెండెన్స్ తగ్గితే ఇంటికి ఫోన్ చేస్తున్నారు కదా, అమెరికాలో ఆ ఫోన్ అలా చేయకూడదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. ఫీజు కట్టేది తండ్రే అయినా మార్కులు చెప్పమంటే ఆఫీసువాళ్లు ముందు పిల్లవాడి సమ్మతి కావాలంటారు. ప్రాణాపాయం లాంటి అత్యవసరాలు, పన్ను లెక్కల్లో తల్లిదండ్రుల మీద ఆధారపడ్డట్టు చూపిన పిల్లలు, ఇలా కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. ఒకప్పుడు అక్కడా మనలాగే కాలేజీ అంటే కన్నవాళ్ల స్థానంలో ఉండేది. 1960లో అలబామాలో కొందరు నల్లజాతి విద్యార్థులు తమకు తిండి పెట్టని భోజనశాలలో కూర్చుని నిరసన తెలిపితే వాళ్ల కాలేజీ విచారణన్నదే లేకుండా వెళ్లగొట్టింది. మరుసటి ఏడాది డిక్సన్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ప్రభుత్వ కాలేజీ అలా చేయడానికి వీల్లేదు, నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాల్సిందే అంది. అక్కడి నుంచి విద్యార్థిని పెద్దవాడిగా చూడటం మొదలైంది. ఇప్పుడు ఈ కోర్సులో చట్టం మీద ఒక పేపర్ ఉండటానికి కారణం ఈ చరిత్రే. మీరు వెళ్తే ఆ పేపరే మీకు అన్నిటికన్నా కొత్తగా ఉంటుంది.

ఇక డబ్బు. ఇక్కడ నా మాట కాస్త కటువుగానే ఉంటుంది: అప్పు చేసి ఈ కోర్సుకి వెళ్లకండి. మొదటి ఉద్యోగం జీతం సాఫ్ట్‌వేర్ జీతం దరిదాపుల్లో ఉండదు. పైగా ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలోకి రాదు, కాబట్టి చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలే, సీఎస్ వాళ్లకి వచ్చే అదనపు 24 నెలలు ఉండవు. ఒక ఊరట ఏంటంటే యూనివర్సిటీలు హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కోటా కిందకి రావు, ఏటా 85 వేల వీసాలకి తీసే లాటరీతో పని లేదు, యూనివర్సిటీ తలుచుకుంటే ఎప్పుడైనా దరఖాస్తు పెట్టొచ్చు. తలుచుకోవడమే కష్టం, హాస్టల్ డైరెక్టర్ లాంటి మొదటి మెట్టు ఉద్యోగాలకి చాలా ఆఫీసులు స్పాన్సర్ చేయమని ప్రకటనలోనే రాసేస్తాయి. దానికి తోడు 2025 సెప్టెంబరులో దేశం బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బి వాళ్లకి లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి, మీరు దరఖాస్తు పెట్టేనాటికి ఎలా ఉన్నాయో చూసుకోండి.

మరి అప్పు లేకుండా ఎలా అంటారా, రెండు దారులు. ఒకటి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్. ఈ కోర్సుల్లో అది మామూలు విషయం, చాలాచోట్ల చదువులో సగం అదే. వారానికి దాదాపు 20 గంటలు ఏదో ఒక విద్యార్థి ఆఫీసులో పని, బదులుగా ట్యూషన్ ఫీజు మొత్తమో కొంతో మాఫీ, నెలకింత భత్యం. హాస్టల్లోనే ఉండి చేసే అసిస్టెంట్‌షిప్ అయితే తరచుగా గది, ఒక్కోసారి భోజనం కూడా ఇస్తారు. ఎఫ్-1 వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల 20 గంటలే పని చేయొచ్చు కాబట్టి లెక్క సరిపోతుంది, వేరే పనికి చోటుండదు. అడ్మిషన్ దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో పడతాయి, అసిస్టెంట్‌షిప్ ఇంటర్వ్యూలు ఫిబ్రవరి, మార్చిల్లో విడిగా జరుగుతాయి. అడ్మిషన్ వచ్చింది గానీ అసిస్టెంట్‌షిప్ రాలేదంటే, నా దృష్టిలో అడ్మిషన్ రానట్టే.

రెండో దారి గురించి మన ఊళ్లో ఎవరూ మాట్లాడరు, అదెందుకో నాకు అర్థం కాదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ అర్హత ఉన్న కొద్దిపాటి సబ్జెక్టుల్లో, ఈ చదువు కోవకే చెందిన ఉన్నత విద్యా నిర్వహణ ఒకటిగా ఉంటూ వచ్చింది. నాలుగేళ్ల డిగ్రీకి సమానమైన చదువు, 55 శాతం మార్కులు, కనీసం మూడేళ్ల పూర్తికాలపు ఉద్యోగానుభవం అడుగుతారు. మీ బీటెక్, మీ మూడేళ్లు అతికినట్టు సరిపోయాయి చూశారా! ఫీజు, ఖర్చులు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. షరతు ఒకటుంది, అది జె-1 వీసా మీద, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. పోటీ గట్టిగా ఉంటుంది, వెళ్లాల్సిన దానికి ఏడాది పైనే ముందు దరఖాస్తు పెట్టాలి, కొత్త ప్రకటనలో సబ్జెక్టుల జాబితా ముందు చూసుకోండి. మీ నాన్నగారికి ఈ దారి చెప్పి చూడండి, అప్పు మాట లేకపోతే వార్డెన్ మాట కూడా తగ్గుతుంది.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌ని. యాంటీ ర్యాగింగ్ కమిటీ, ఎన్‌ఎస్‌ఎస్, గ్రీవెన్స్ సెల్, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల ఐదో క్రైటీరియన్ (విద్యార్థులకు అందే తోడ్పాటు) ఫైళ్లు అన్నీ నాకే అప్పగించారు. వయసు 44. ఉద్యోగం వదలకుండా ఈ పనికి పనికొచ్చే కోర్సు ఏదైనా ఉందా? ఉంటే ప్రమోషన్‌కి ఉపయోగపడుతుందా?
– ఒక లెక్చరర్, మద్దిలపాలెం

జవాబు: ప్రమోషన్‌కి పెద్దగా ఉపయోగపడదు సార్, పనికి ఉపయోగపడుతుంది. ఇగ్నోలో ఉన్నత విద్య మీద పీజీ డిప్లొమా, విద్యా నిర్వహణ మీద ఇంకో పీజీ డిప్లొమా ఉన్నాయి, దూరవిద్యలో చేసుకోవచ్చు, ఇగ్నో ప్రాంతీయ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. అవి ఎక్కువగా బోధన, పాలన వైపు మొగ్గుతాయి. మీ చేతిలో ఉన్న ఫైళ్లకి అసలు సిలబస్ మాత్రం నిబంధనల్లోనే ఉంది. 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు, 2015 లైంగిక వేధింపుల నిబంధనలు, 2023 విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు, మూడూ యూజీసీవే, మూడూ మీ కమిటీ మెంబర్లు ఒక్కసారైనా పూర్తిగా చదివి ఉంటే ఐదో క్రైటీరియన్ ఫైల్లో ఫొటోల సంఖ్య తగ్గి పని సంఖ్య పెరుగుతుంది. (న్యాక్ వస్తుందంటే ముందు రోజు ఫ్లెక్సీ కొట్టించే కాలేజీల గురించి అంటున్నాను, మీది కాకపోవచ్చు.)

వీటన్నిటికన్నా ముందు మీరు చదవాల్సింది 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అది మన విశాఖ కేసే. ఇక్కడ హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోతే, దర్యాప్తు సీబీఐకి అప్పగించాలని తండ్రి కోర్టుకెళ్లారు. కోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి ఇస్తూనే, ప్రత్యేక చట్టం వచ్చేదాకా అమల్లో ఉండేలా విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. సిబ్బంది అందరికీ, బోధనేతరులతో సహా, ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రిన్సిపాల్ దగ్గర మీరు గట్టిగా మాట్లాడటానికి ఈ ఒక్క తీర్పు చాలు. కౌన్సెలర్‌ని పెట్టమని అడగండి, ఆ కుర్చీలో కూడా మిమ్మల్నే కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి, కామర్స్ లెక్చరర్‌కి ఆ అర్హత రాదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ సీఎస్ రెండో సెమిస్టర్. ఖర్చుల కోసం హాస్టల్లో రెసిడెంట్ అసిస్టెంట్‌గా చేరాడు. ఇప్పుడు "అమ్మా, నాకు కోడింగ్ కన్నా ఈ పనే బాగుంది, స్టూడెంట్ అఫైర్స్‌లోకి మారిపోతా" అంటున్నాడు. బ్యాంకు లోను ఇంకా మొదలే కాలేదు కట్టడం. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: టెన్షన్ పడకండమ్మా. వాడు చదువు మానేస్తానని అనలేదు, తనకి నచ్చిన పని ఒకటి దొరికిందన్నాడు. ఇప్పుడే మారొద్దని మాత్రం చెప్పండి, కారణాలతో చెప్పండి, ఏడుపుతో కాదు. సీఎస్ మధ్యలో వదిలితే లోను తీరడానికి ఉన్న ఒకే ఆధారం, ఆ మూడేళ్ల స్టెమ్ ఓపీటీ, చేజారుతుంది. అలాగని సీఎస్ పూర్తిచేసి, ఓపీటీ వాడేసి, తర్వాత స్టూడెంట్ అఫైర్స్‌లో ఇంకో మాస్టర్స్ చేస్తే అదే స్థాయి డిగ్రీకి మళ్లీ కొత్తగా ఓపీటీ ఇవ్వరు. ఇది వాడికి తెలుసో లేదో అడగండి. తన యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి కూర్చుని మాట్లాడమనండి, వాళ్లు చేసేదీ వాడు ఇష్టపడుతున్న పనే కదా, ఉద్యోగం లోపలినుంచి ఎలా ఉంటుందో కూడా అడిగి తెలుసుకోవచ్చు.

మధ్యే మార్గం ఉంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో అకడమిక్ అడ్వైజర్ ఉద్యోగాలకి ఏదో ఒక సబ్జెక్టులో మాస్టర్స్ ఉంటే చాలనే ప్రకటనలు కనిపిస్తుంటాయి. విద్యార్థుల రికార్డులు, హాస్టల్ కేటాయింపులు, ఏ పిల్లలు చదువు మానేసేలా ఉన్నారో ముందే పసిగట్టే లెక్కలు, ఇవన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి, వాటిని చూసేవాళ్లకి కోడింగ్ రావాలి, పిల్లలంటే ఓపికా ఉండాలి. రెండూ ఉన్నవాళ్లు తక్కువ. ఇంకో మాట, రెసిడెంట్ అసిస్టెంట్ అంటే సాటి విద్యార్థి, అందులో సరదా పాలు ఎక్కువ. అర్ధరాత్రి అంబులెన్స్ పిలిచి, తర్వాత రిపోర్టు రాసి, పొద్దున్నే తొమ్మిదింటికి మీటింగులో కూర్చునేది పైనున్న హాల్ డైరెక్టర్. ఒక సెమిస్టర్ ఆ మనిషి వెనకాల తిరిగి చూడమనండి.

ప్రశ్న: బీఏ సైకాలజీ ఫైనలియర్. కాలేజీల్లో కౌన్సెలర్ కావాలని ఉంది. ఎమ్మెస్సీ సైకాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా?
– ఒక విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: పైన లెక్చరర్ గారికి చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులో కౌన్సెలర్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్ అనే మూడు మాటలే ఉన్నాయి, స్టూడెంట్ అఫైర్స్ అన్న మాట లేదు. కాబట్టి ఇక్కడే ఉద్యోగం చేయాలంటే ఈ రెండింటిలో ఏదైనా పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న ఒక్కరితో గంటసేపు మాట్లాడటం ఇష్టమైతే సైకాలజీ. ఆ పిల్లకి స్కాలర్‌షిప్ ఎందుకు ఆగింది, హాస్టల్లో ఎవరు ఏడిపిస్తున్నారు, ఊళ్లో పెళ్లి ఎవరు కుదురుస్తున్నారు అని కదిలించి నాలుగు ఆఫీసులు తిరగడం ఇష్టమైతే ఎంఎస్‌డబ్ల్యూ. నన్నడిగితే కాలేజీ పనికి రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది, కౌన్సెలర్ గదిలోకి వచ్చే పిల్లల కష్టాల్లో సగం గది బయట పరిష్కారమయ్యేవే. ఆంధ్రా యూనివర్సిటీలో రెండు విభాగాలూ ఉన్నాయి. అన్నట్టు అక్కడి సైకాలజీ విభాగం చాలాకాలం 'సైకాలజీ, పారాసైకాలజీ' (అతీంద్రియ అనుభవాల అధ్యయనం) అనే పేరుతో నడిచింది, కోనేరు రామకృష్ణారావు గారి పుణ్యమా అని ప్రపంచంలో అలాంటి విభాగం ఉన్న అతికొద్ది చోట్లలో మన వాల్తేరు ఒకటి. మీకు దయ్యాలతో పని పడదులెండి.

క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే మాత్రం ఎమ్మెస్సీ చాలదు, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ కోర్సు, ఆ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మామూలు కౌన్సెలర్ ఉద్యోగాలకి అది అక్కర్లేదు, అయితే మందులు అవసరమైన మనిషిని గుర్తుపట్టి మానసిక వైద్యుడి దగ్గరికి పంపడం రావాలి. ఏది చేసినా ఫీల్డ్‌వర్క్ కోసం ఏదో ఒక కాలేజీ హాస్టల్‌ని అడిగి తీసుకోండి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లి అమెరికాలో స్టూడెంట్ అఫైర్స్ మాస్టర్స్ గురించి అడిగితే "అలాంటిది లేదు, ఎంబీఏ చెయ్యండి" అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: ఉంది. కన్సల్టెన్సీలకి ఆదాయం చాలావరకు తమతో ఒప్పందం ఉన్న యూనివర్సిటీలిచ్చే కమిషన్ నుంచి వస్తుంది, క్లాసుకి పాతిక ముప్పై మందిని ఇంటర్వ్యూ చేసి తీసుకునే ఇలాంటి చిన్న కోర్సులు ఆ జాబితాలో సాధారణంగా ఉండవు. నాస్పా వెబ్‌సైట్‌లో గ్రాడ్యుయేట్ ప్రోగ్రాంల డైరెక్టరీ ఉంది, అందులో రాష్ట్రాలవారీగా వెతుక్కోవచ్చు. ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి నేరుగా మెయిల్ రాయండి. అడగాల్సినవి రెండు: కిందటి బ్యాచ్‌లో ఎంతమంది విదేశీ విద్యార్థులకి అసిస్టెంట్‌షిప్ దొరికింది, చదువయ్యాక వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు. మూడేళ్ల డిగ్రీ అయితే దాన్ని ఒప్పుకుంటారా అని మూడోది కూడా. ఆంధ్రా యూనివర్సిటీలో 2021లో తెరిచిన అమెరికన్ కార్నర్‌లో అమెరికా చదువుల గురించి ఉచితంగానే చెప్తారు, వెళ్లేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి.